తల జడలు కడితే

ఆడబిడ్డ తలలో జట కనబడితే ఎల్లమ్మ వచ్చిందని మన అనంతపురం పల్లెల్లో దువ్వెన ఆపేస్తారు. పూర్వం కొందరు ఆ బిడ్డను బసివినిగా విడిచేవారు. 1988 చట్టం దాన్ని నిషేధించింది.

నీళ్ల కరువులో తలంటు మానినా, జ్వరంతో మంచాన పడి దువ్వకపోయినా వెంట్రుకలు చెమట, దుమ్ము, పేలతో మెలిపడి అట్టకడతాయి. పైన పసుపు, నూనె పెడితే మరింత బిగుస్తాయి.

చిన్న చిక్కయితే కొబ్బరినూనె రాసి, కొసల నుండి పైకి వేళ్లతో విడదీయండి. గట్టిపడితే కత్తెరే దారి. కోస్తే ప్రాణం పోతుందని భయపెడతారు. వెంట్రుకలో రక్తమూ లేదు, నరమూ లేదు. పేలకు కిరసనాయిలు పూయకండి, ఆసుపత్రికి రండి, మందు ఇస్తాము.

జట ఉంచుకుంటామనే పెద్దలను మేము గద్దించము. వారానికొకసారి కుదుళ్లు కడిగి, ఎండలో పూర్తిగా ఆరనివ్వమంటాము.