బహుమతి పెన్ డ్రైవ్‌లో ఏం పెట్టి పంపుతున్నాం?

దుకాణం పేరు అచ్చేసిన క్యాలెండర్, రంజాన్ నెలకు సహరీ, ఇఫ్తార్ వేళల కార్డు, జేబులో పట్టే డైరీ. మన ఆదోని, ఎమ్మిగనూరు వ్యాపారులు ఏటా ఖాతాదారుల చేతిలో పెట్టేవి ఇన్నాళ్లూ ఇవే. ఇప్పుడు వాటి పక్కన పెన్ డ్రైవ్ కూడా వచ్చి చేరింది. దానికి కారణం లేకపోలేదు. 1938లో మాచాని సోమప్ప గారు చేనేత సహకార సంఘం పెట్టిన నాటి నుంచీ ఎమ్మిగనూరు బట్ట ఊరు దాటి అమ్ముడుపోతూనే ఉంది. దూరాన ఉన్న కొనుగోలుదారుకు రకం చూపించాలంటే గుడ్డముక్క పంపాలి, లేదా ఫోటో పంపాలి. ఫోటోను వాట్సాప్‌లో మామూలుగా పంపితే సైజు తగ్గి, నేతలోని సన్నటి గీత చెదిరిపోతుంది. పెన్ డ్రైవ్‌లో తీసిన ఫోటో తీసినట్టే వెళుతుంది. ఆదోనిలో జిన్నింగ్ మిల్లు నడిపేవారికీ అంతే. మిల్లు వీడియో, బేళ్ల వివరాలు, చిరునామాలు ఒక్కచోట పెట్టి ఇవ్వవచ్చు.

మన దాతలు కొందరు "మా ఫైళ్లతో పాటు సొసైటీ వివరాలు కూడా వేసి పంచుతాం" అని ముందుకు వచ్చారు. సంతోషంగా ఒప్పుకున్నాం. ఆ పనిలో మేము నేర్చుకున్నది ఇక్కడ రాస్తున్నాం. నేర్చుకున్నది ఒక తప్పుతో గనుక ముందు ఆ తప్పే చెబుతాం.

ఆఫీసులో ఒక పాత పెన్ డ్రైవ్ ఉండేది. నెలనెలా రేషన్ తీసుకునే వితంతువుల జాబితా, స్కాలర్‌షిప్‌కు పిల్లలు ఇచ్చిన ఆధార్ నకళ్లు, బ్యాంకు పాస్‌బుక్ మొదటి పేజీలు అందులోనే దాచేవాళ్లం. బహుమతి డ్రైవ్‌ల పని వచ్చినప్పుడు వాటన్నింటినీ డిలీట్ చేసి, ఖాళీ అయిందనుకుని, కొత్త ఫైళ్లు అందులో వేసి, అదే మూలప్రతిగా కాపీ యంత్రానికి ఇచ్చాం. నలభై డ్రైవ్‌లు తయారై వచ్చాయి. పంచడానికి రెండు రోజుల ముందు, కంప్యూటర్ చదువుతున్న మా సభ్యుడొకరి కూతురు ఊరికే చూద్దామని ఒక డ్రైవ్ మీద పోయిన ఫైళ్లు వెతికే ప్రోగ్రాం నడిపింది. వితంతువుల జాబితా పేర్లతో సహా తెర మీదికి వచ్చింది. ఇంకో డ్రైవ్ చూశాం. అందులోనూ ఉంది.

కుడిచేత్తో ఇచ్చింది ఎడమచేతికి తెలియకూడదని చెప్పుకునే వాళ్లం మనం. చీకటి పడ్డాక వెనక వీధిలోంచి వచ్చి బియ్యం సంచి తీసుకువెళ్లే చెల్లెలి పేరు, ఆమెకు తెలియకుండా నలభై దుకాణాల బల్లల మీదికి చేరేది. ఒక్కటి కూడా బయటికి పోలేదు గానీ, ఆ రాత్రి మాలో ఎవరికీ నిద్ర పట్టలేదు.

ఎందుకు ఇలా జరిగింది? డిలీట్ నొక్కితే ఫైలు చెరిగిపోదు. అంగడి ఖాతా పుస్తకంలో ముందున్న సూచిక పేజీలో ఒక పేరు కొట్టేసినట్టు మాత్రమే అవుతుంది. లోపలి పేజీలోని లెక్క, దాని మీద ఇంకేదైనా రాసేదాకా అలాగే ఉంటుంది. ఫైళ్లు కాకుండా డ్రైవ్‌ను మొదటి గడి నుంచి చివరి గడి దాకా అచ్చు తీసే యంత్రాలు ఉంటాయి. వాటికి సూచికతో పనిలేదు. పైకి ఖాళీగా కనిపించే గడుల్లో ఏముంటే అది కూడా కాపీ అవుతుంది. అందుకే మూలప్రతికి ఎప్పుడూ కొత్త డ్రైవ్ వాడాలి. పాతది తప్పదంటే ఫార్మాట్ చేసేటప్పుడు 'క్విక్ ఫార్మాట్' అన్న గడిలో టిక్ తీసేయాలి. విండోస్ విస్టా నుంచీ ఆ పూర్తి ఫార్మాట్ డ్రైవ్ అంతటా సున్నాలు రాస్తుంది. సమయం పడుతుంది, పట్టనివ్వండి.

రెండో ప్రమాదం వైరస్. ఇది చిన్న ఊళ్ల సమస్య అని ఎవరూ అనుకోవద్దు. 2010లో ఆస్ట్రేలియాలో కంప్యూటర్ భద్రత మీద జరిగిన సమావేశంలోనే ఐబీఎం కంపెనీ పంచిన డ్రైవ్‌లలో వైరస్ ఉంది. 2017 డిసెంబరులో తైవాన్‌లో సైబర్ భద్రత కార్యక్రమంలో క్విజ్ గెలిచినవారికి పోలీసులు 250 డ్రైవ్‌లు బహుమతిగా ఇచ్చారు. వాటిలో 54 వైరస్ పట్టినవి. కాంట్రాక్టరు దగ్గర పనిచేసే ఒక ఉద్యోగి వాడిన కంప్యూటర్ నుంచి అవి అంటుకున్నాయని తేలింది. అమెరికన్ డెంటల్ అసోసియేషన్ కథ మనకు ఇంకా దగ్గర. పుస్తకంతో పాటు దంతవైద్యులకు పంపిన సుమారు 37,000 డ్రైవ్‌లలో కొన్ని చెడ్డ వెబ్‌సైటుకు తీసుకుపోతున్నాయని 2016లో బయటపడింది. అంతకు ముందు వేరొక ఖాతాదారు పని చేసినప్పుడు కాపీ యంత్రాల్లో ఒకదానికి వైరస్ అంటి ఉంటుందని ఆ సంఘం చెప్పింది. అంటే మన ఫైళ్లు శుభ్రంగా ఉన్నా చాలదు. మన కంటే ముందు ఆ యంత్రంలో ఎవరి డ్రైవ్ పెట్టారో మనకు తెలియదు.

కాబట్టి తయారై వచ్చిన డ్రైవ్‌లలో కట్టకొకటి చొప్పున తీసి, తాజా యాంటీవైరస్ ఉన్న కంప్యూటర్‌లో చూడాలి. మనం వేయని ఫైలు ఒక్కటి కనిపించినా కట్ట మొత్తం వెనక్కి పంపాలి. దాచిన ఫైళ్లు కూడా కనిపించేలా సెట్టింగు పెట్టుకుని చూడాలి. ప్రోగ్రాం ఫైళ్లు అసలు వేయవద్దు. పెట్టగానే దానంతటదే తెరుచుకునే ఏర్పాటు ఉంటే బాగుంటుందని ఒక దాత కోరారు. పెన్ డ్రైవ్‌ల విషయంలో ఆ సదుపాయాన్ని విండోస్ 7లో తీసేశారు, పాత విండోస్‌లలో కూడా 2011 ఫిబ్రవరి అప్‌డేట్‌తో ఆపేశారు. వైరస్‌లు ఆ దారినే వచ్చేవి. ఇప్పుడు అలా చేయబోతే ఖాతాదారుడి యాంటీవైరస్ మీ దుకాణం పేరు మీదే ఎర్ర హెచ్చరిక చూపిస్తుంది.

ఇక ఫైళ్ల సంగతి. మన ఊళ్ల డీటీపీ సెంటర్లలో తెలుగు పని చాలాచోట్ల అను ఫాంట్లలో, ఉర్దూ పని ఇన్‌పేజ్‌లో జరుగుతుంది. ఆ ఫైలును అలాగే వేస్తే అవతలి కంప్యూటర్‌లో తెలుగు బదులు పిచ్చి గుర్తులు వస్తాయి, ఇన్‌పేజ్ ఫైలైతే తెరుచుకోనే తెరుచుకోదు. ఫాంట్లు లోపలే ఉండేలా పీడీఎఫ్ చేయించుకోండి. చేసిన చోట కాకుండా మరో కంప్యూటర్‌లో, ఒక ఫోనులో తెరిచి చూడండి. ఫైలు పేర్లు ఇంగ్లిష్ అక్షరాల్లో, ముందు 01, 02 అని అంకెలతో పెడితే పాత కంప్యూటర్లలోనూ వరుస తప్పవు.

డ్రైవ్ ఫార్మాట్ ఫ్యాట్32 అయితే కారు స్టీరియో, టీవీ, పాత కంప్యూటర్ దాదాపు అన్నీ చదువుతాయి. దానికి రెండు హద్దులున్నాయి. ఒక్కొక్క ఫైలు 4 జీబీకి మించకూడదు, డ్రైవ్‌కు పెట్టే పేరు 11 అక్షరాలు దాటకూడదు. పెద్ద వీడియో ఉంటే ఎక్స్‌ఫ్యాట్ కావాలి, కానీ కొన్ని కారు స్టీరియోలు దాన్ని గుర్తించవు. వీడియోను చిన్నది చేయించడమే మేలని మా అభిప్రాయం. ఇరవై నిమిషాల మిల్లు వీడియో ఎవరూ చూడరు.

16 జీబీ డ్రైవ్ కంప్యూటర్‌లో 14.9గా కనిపిస్తే మోసం కాదు, లెక్కించే పద్ధతిలో తేడా. కానీ మరీ చవకగా వచ్చే డ్రైవ్‌లలో అసలు మోసం కూడా ఉంది. పైన 64 అని చూపి లోపల 8 మాత్రమే ఉంటుంది. నిండేదాకా అన్నీ బాగానే ఉన్నట్టు కనిపించి, తర్వాత వేసిన ఫైళ్లు పాడవుతాయి. హెచ్2టెస్ట్‌డబ్ల్యూ అనే ఉచిత ప్రోగ్రాం డ్రైవ్‌ను నింపి, తిరిగి చదివి నిజం చెబుతుంది. పెద్ద ఆర్డరు ఇచ్చేముందు నమూనాగా తెప్పించిన వాటి మీద ఈ పరీక్ష చేయండి.

ధరలు మాత్రం అందులో వేయకండి. ఆదోని మార్కెట్ యార్డులో పత్తి ధర ఉదయం ఒకటి, మరునాడు ఇంకొకటి. ఏడాది తర్వాత పాత ధర చూపి బేరమాడేవారితో మీకే తలనొప్పి. ఫోన్ నంబరు వేస్తే చాలు. ఇంకొకరి పాటలు, సినిమాలు, నాత్‌లు, బయాన్లు హక్కుదారు అనుమతి లేకుండా వేసి పంచితే 1957 కాపీరైట్ చట్టం వర్తిస్తుంది. మంచి ఉద్దేశంతో వేశామంటే చెల్లదు. జీఎస్టీ కట్టే వ్యాపారులు ఇంకో మాట గుర్తుంచుకోవాలి. ఉచితంగా ఇచ్చే బహుమతుల మీద కట్టిన పన్నుకు ఇన్‌పుట్ క్రెడిట్ రాదని చట్టంలోని 17(5) సెక్షన్ చెబుతుంది. మీ ఆడిటర్‌ను ముందే అడిగి చూడండి.

ఫైళ్లు చెరపడానికి వీలులేకుండా తాళం వేయించమని కొందరు అంటారు. తయారీదారుకు పెద్ద ఆర్డరు ఇస్తే అలా చేసి ఇస్తారు. మాకు అంత ఇష్టం లేదు. తీసుకున్నవాడు తన పాటలో, పిల్లవాడి పాఠాలో వేసుకుని వాడితేనే ఆ డ్రైవ్ తాళాల గుత్తికి వేలాడుతుంది, మీ పేరు రోజూ కనబడుతుంది. నాలుగు పేజీల వివరాలకైతే అసలు పెన్ డ్రైవ్ ఎందుకు? కాగితం మీద అచ్చేసి, మిగిలిన డబ్బు పిల్లల ఫీజులకు ఇచ్చినా మాకు అభ్యంతరం లేదు.

ఇప్పుడు ఆఫీసులో పద్ధతి మార్చాం. లబ్ధిదారుల కాగితాలు పాస్‌వర్డు ఉన్న ఒక్క కంప్యూటర్‌లోనే ఉంటాయి, అక్కడి నుంచి పెన్ డ్రైవ్‌లోకి ఎక్కవు. ఆ నలభై డ్రైవ్‌లకూ పూర్తి ఫార్మాట్ చేసి, ఒక్కొక్కదాని మీద ఆ అమ్మాయి చేతే మళ్లీ వెతికించి, ఏమీ రాలేదని చూశాకే ఫైళ్లు వేసి పంచాం. పాత డ్రైవ్‌ను సుత్తితో పగలగొట్టాం. వచ్చే రంజాన్‌కు పెన్ డ్రైవ్‌లు ఇవ్వదలచిన దాతలు తమ ఫైళ్లను పీడీఎఫ్‌గా, ఫోటోలుగా కొత్త డ్రైవ్‌లో వేసి, నెల రోజులు ముందుగా ఆఫీసుకు చేర్చగలరు. దుకాణం లెక్కలున్న డ్రైవ్ తెస్తే మేము తీసుకోము. దయచేసి ఏమీ అనుకోవద్దు.