ఉమ్మడి సర్వరుపై గణాంక విశ్లేషణ – లైసెన్సుల లెక్కింపు

పంట ప్రయోగాల దత్తాంశాన్ని విశ్లేషించడానికి ప్రతి గదిలోనూ ఖరీదైన కంప్యూటరు ఉండనవసరం లేదు. శక్తిమంతమైన సర్వరు ఒక్కటి నెలకొల్పి, విద్యార్థులు, శాస్త్రవేత్తలు తమ స్థానాల నుండే దానిపై పనిచేసే ఏర్పాటును టెర్మినల్ సర్వరు అంటారు. సాఫ్ట్‌వేరును ఒక్కచోట ఇన్‌స్టాల్ చేస్తే చాలు. అంతమాత్రాన లైసెన్సు కూడా ఒక్కటి చాలుననుకోవడం పొరపాటు.

విండోస్ సర్వరులోకి ఒకేసారి ఇద్దరు దూరం నుండి ప్రవేశించే సదుపాయం మొదటి నుంచీ ఉంటుంది. అది నిర్వాహకుల కోసమే గాని విశ్లేషణ పనుల కోసం కాదు. ఎక్కువమంది పనిచేయాలంటే రిమోట్ డెస్క్‌టాప్ సెషన్ హోస్ట్‌ను అమర్చాలి. అమర్చిన తరువాత 120 రోజులు అది లైసెన్సులు అడగకుండానే పనిచేస్తుంది. చిక్కు ఇక్కడే ఉంది. ఖరీఫ్ నాట్ల వేళ, జులైలో అమర్చిన సర్వరు ఎవరికీ అనుమానం కలిగించదు. నవంబరులో దిగుబడి లెక్కలు చేతికి వచ్చి, విద్యార్థి సిద్ధాంత గ్రంథానికి పట్టికలు సిద్ధం చేసుకునే సమయానికి ప్రవేశం నిలిచిపోతుంది.

ఈ ప్రవేశ లైసెన్సులను వ్యక్తుల లెక్కన గాని, పరికరాల లెక్కన గాని తీసుకోవచ్చు. ఉదాహరణకు, 20 కంప్యూటర్ల ప్రయోగశాలలో 60 మంది విద్యార్థులు వంతులవారీగా పనిచేస్తే పరికరాల లెక్కన 20, వ్యక్తుల లెక్కన 60 అవసరం. కార్యాలయంలో, పరిశోధన క్షేత్రంలో, ఇంట్లో వేర్వేరు పరికరాలు వాడే శాస్త్రవేత్తకు వ్యక్తి లైసెన్సే లాభదాయకం. ఒకేసారి 10 మందికి మించి ఉండరు గనుక 10 చాలునన్న వాదన ఇక్కడ చెల్లదు. వ్యక్తి లైసెన్సుల సంఖ్య మించినా సర్వరు చాలా సందర్భాలలో అడ్డుచెప్పదు. ఆ మౌనం అనుమతి కాదు. ఇవిగాక విండోస్ సర్వరు ప్రవేశ లైసెన్సులు విడిగా ఉండాలి.

గణాంక సాఫ్ట్‌వేరు నిబంధనలు మళ్ళీ వేరు. ఎస్.పి.ఎస్.ఎస్.కు నిర్దిష్ట వినియోగదారు లైసెన్సుతోపాటు ఏకకాల వినియోగ లైసెన్సు కూడా ఉంది. పై 10 మంది లెక్క ఈ రెండవ దానికి సరిపోతుంది.

ఆర్ సాఫ్ట్‌వేరు జి.ఎన్.యు. జనరల్ పబ్లిక్ లైసెన్సు కింద లభిస్తుంది కాబట్టి వినియోగదారుల సంఖ్యపై పరిమితి లేదు. ఆర్.బి.డి., స్ప్లిట్ ప్లాట్ ప్రయోగాల విశ్లేషణకు అందులోని అగ్రికోలే ప్యాకేజీ ఉపకరిస్తుంది. లినక్స్ సర్వరుపై ఆర్‌స్టూడియో సర్వరు ఉచిత సంచికను ఉంచితే బ్రౌజరు ద్వారానే పనిచేయవచ్చు. ఆర్‌ను విండోస్ టెర్మినల్ సర్వరుపై ఉంచినప్పుడు మాత్రం ప్రవేశ లైసెన్సుల ఖర్చు తప్పదు.