తండ్రీకొడుకులు చేసిన గిటార్



‘వియ్ విల్ రాక్ యూ’ పాట మీ పిల్లలకు తెలిసే ఉంటుంది. రెండుసార్లు కాలు నేలకు తట్టి, ఒకసారి చప్పట్లు కొట్టే ఆ పాట 1977లో వచ్చింది. రాసింది బ్రిటన్‌కు చెందిన క్వీన్ బ్యాండ్ గిటారిస్టు బ్రయాన్ మే. ఆయన వాయించే గిటార్ షాపులో కొన్నది కాదు.

1963లో బ్రయాన్‌కు 16 ఏళ్లు. మంచి ఎలక్ట్రిక్ గిటార్ కొనే స్తోమత ఇంట్లో లేదు. తండ్రి హెరాల్డ్ ఎలక్ట్రానిక్స్ ఇంజినీరు. ఇద్దరూ కలిసి ఇంట్లోనే పని మొదలుపెట్టారు. పాత ఫైర్‌ప్లేస్ చెక్కతో గిటార్ మెడ చెక్కారు. పాత మోటార్ సైకిల్ ఇంజిన్ స్ప్రింగులు, ముత్యపుచిప్ప గుండీలు కూడా వాడారు. దాదాపు రెండేళ్లు పట్టింది. దాని పేరు ‘రెడ్ స్పెషల్’.

ఇందులో సైన్స్ ఏముంది?

మామూలు గిటార్‌లో తీగ శబ్దాన్ని బోలు పెట్టె పెంచుతుంది. ఎలక్ట్రిక్ గిటార్‌లో తీగల కింద ‘పికప్’ ఉంటుంది. అంటే అయస్కాంతం, దాని చుట్టూ సన్నని రాగి తీగ చుట్ట. పైన స్టీలు తీగ కంపించినప్పుడు అయస్కాంత క్షేత్రం మారుతుంది, చుట్టలో చిన్న కరెంటు పుడుతుంది. దాన్ని యాంప్లిఫయర్ పెంచి స్పీకర్‌కు పంపుతుంది. పిల్లలు హైస్కూల్లో చదివే విద్యుదయస్కాంత ప్రేరణ ఇదే. బ్రయాన్ పికప్‌లు కూడా మొదట సొంతంగా చేశారు. తీగను పక్కకు లాగినప్పుడు వింత శబ్దం రావడంతో వాటిని తీసేసి, కొన్నవి బిగించారు.

క్వీన్ తొలి ఆల్బమ్‌ల అట్టల మీద సింథసైజర్ వాడలేదని ప్రత్యేకంగా రాసేవారు. బ్రయాన్ ఒకే గిటార్‌ను మళ్లీ మళ్లీ రికార్డు చేసి, ఆ పొరలన్నీ కలిపేవారు. అందుకే వాద్యబృందం వాయించినట్టు వినిపిస్తుంది.

మరి చదువు?

బ్రయాన్ లండన్ ఇంపీరియల్ కాలేజీలో ఖగోళ భౌతికశాస్త్రంలో పీహెచ్‌డీ చేస్తూ 1974లో బ్యాండ్ కోసం ఆపేశారు. గిటార్ చేయడానికి సాయపడిన తండ్రే అప్పుడు బాధపడ్డారు. ఆ బాధ మనలో చాలామందికి అర్థమవుతుంది. బ్రయాన్ 2007లో, 60 ఏళ్ల వయసులో, ఆ పీహెచ్‌డీ పూర్తి చేశారు.

హాబీ ఉన్న ప్రతి పిల్లవాడూ బ్రయాన్ మే కాడు. కానీ కొలవడం, చెడితే విప్పి మళ్లీ చేయడం, రెండేళ్లు ఓపిక పట్టడం ఏ చదువుకైనా కావాలి. ‘టైమ్ వేస్ట్’ అనే ముందు, వాళ్లు చేస్తున్నదేమిటో ఒకసారి పక్కన కూర్చుని చూడండి.

ఈ ఆదివారం ఇంట్లో: మూత తీసిన చెప్పుల డబ్బాకు సన్నవి, లావువి రబ్బరు బ్యాండ్లు తగిలించి మీటమనండి. ఏది సన్నని స్వరం ఇస్తుంది? బిగిస్తే ఏమవుతుంది? జవాబు మీరు చెప్పకండి. పిల్లలనే కనుక్కుని నోట్‌బుక్‌లో రాయనివ్వండి.