ఆకారాన్ని పట్టే ఆర్‌ఎన్‌ఏ: చంద్రపూర్ ల్యాబ్ టెక్నీషియన్లకు కొన్ని మాటలు

చంద్రపూర్, బల్లార్‌పూర్, రాజురా వైపు డీఎంఎల్‌టీ చేసి ల్యాబుల్లో పనిచేస్తున్న తెలుగువాళ్ల కోసం ఇది రాస్తున్నాను. ప్రోటీన్ ఆకారాన్ని పట్టే ఆప్టమర్ అనగానే అదేదో పీహెచ్‌డీ వాళ్ల వ్యవహారమని పక్కన పెట్టేయకండి. సికిల్ సెల్ సాల్యుబిలిటీ టెస్టు చేసే ప్రతివారూ ఇప్పటికే ప్రోటీన్ ఆకారంతో పనిచేస్తున్నారు.

ఆ టెస్టు ట్యూబులో సోడియం డైథయోనైట్ ఆక్సిజన్‌ను లాగేస్తుంది. దాంతో హిమోగ్లోబిన్ ఆకారం మారుతుంది. సికిల్ హిమోగ్లోబిన్‌లో బీటా గొలుసు ఆరో స్థానాన గ్లుటామిక్ ఆమ్లం బదులు వాలిన్ ఉంటుంది. అందుకే ఆకారం మారగానే ఆ అణువులు ఒకదానికొకటి అతుక్కుంటాయి. ద్రావణం మసకబారి, ట్యూబు వెనక పెట్టిన కార్డు మీది గీతలు కనబడవు. క్యారియరో రోగో ఈ టెస్టు తేల్చలేదు. అందుకు హెచ్‌పీఎల్‌సీ గానీ ఎలక్ట్రోఫోరెసిస్ గానీ కావాలి. మొదట ఈ రెండూ క్షుణ్ణంగా నేర్చుకోండి. హిమోగ్లోబిన్ జబ్బుల మీద పనిచేసే ఐసీఎంఆర్ కేంద్రం మన చంద్రపూర్‌లోనే ఉంది. 2022 డిసెంబర్ 11న ప్రధాని దాన్ని జాతికి అంకితం చేశారు. ఐసీఎంఆర్ ఉద్యోగ ప్రకటనలు చూస్తూ ఉండండి.

ఇక ఆప్టమర్. తనలో తాను మడతపడి ఒక ప్రోటీన్ ఆకారానికి అమరిపోయే చిన్న ఆర్‌ఎన్‌ఏ (లేదా డీఎన్‌ఏ) ముక్క అది. కోటానుకోట్ల ముక్కల్లోంచి అతికినవాటిని ఏరి, పెంచి, మళ్లీ ఏరే పద్ధతిని 1990లో అమెరికాలో రెండు ల్యాబులు విడివిడిగా ప్రకటించాయి. ఒకే ప్రోటీన్ రెండు ఆకారాల్లో ఉన్నప్పుడు ఒకదాన్నే పట్టేది కావాలంటే, అక్కర్లేని ఆకారాన్ని కూడా ముక్కలకు చూపించి, దానికి అంటుకున్నవాటిని తీసేయాలి. నా దృష్టిలో అసలు నేర్పంతా ఈ తీసేయడంలోనే ఉంది. సికిల్ హిమోగ్లోబిన్‌కు అతికి, అది గుంపుకట్టకుండా అడ్డుపడే ఆప్టమర్లను 2017లో జాన్స్ హాప్కిన్స్ పరిశోధకులు ప్రకటించారు. అది ల్యాబు ఫలితమే, మందు కాదు. రోగులకు, వారి ఇంటివాళ్లకు ఈ తేడా స్పష్టంగా చెప్పండి.

ఆప్టమర్ పనికి కావలసిన అలవాట్లు ఇప్పటినుంచే చేసుకోవచ్చు. మన చేతివేళ్ల మీదుండే ఎంజైములు ఆర్‌ఎన్‌ఏను ముక్కలు చేసేస్తాయి. గ్లవ్స్ తరచూ మార్చండి. ఫిల్టర్ టిప్పులు, విడి పిపెట్లు, ఆర్‌ఎన్‌ఏను కోసే ఎంజైములు లేని నీళ్లు వాడండి. ఎక్కువకాలం దాచాలంటే మైనస్ 80 డిగ్రీలు ఉండాలి. వాడేముందు వేడిచేసి చల్లార్చి, మెగ్నీషియం ఉన్న బఫర్‌లో సరిగ్గా మడతపడనివ్వాలి. హిమోగ్లోబిన్‌తో ఇంకో చిక్కుంది. గాలి తగిలితే మళ్లీ ఆక్సిజన్ పట్టుకుని పాత ఆకారానికి వెళ్లిపోతుంది. శాంపిల్‌లోని హిమోగ్లోబిన్ ఏ ఆకారంలో ఉందో తెలియకుండా వచ్చిన ఫలితాన్ని నమ్మవద్దు.

వారాంతపు ఆప్టమర్ సర్టిఫికెట్ల కోసం డబ్బు పోయకండి. ఇంటర్వ్యూకి వెళ్లేటప్పుడు, మీరు ఏ టెస్టులు చేశారో, వాటికి ఏ కంట్రోల్స్ పెట్టారో, ఫలితం తేడా వస్తే ఏం చేశారో ఒక పేజీలో రాసుకుని తీసుకెళ్లండి.