చుక్క చూసి పుస్తకం కొనుక్కో

కాకినాడ,
ఆదివారం మధ్యాహ్నం

చి. బుజ్జికి,



నీ మెయిలు చదివిన గంటకే మీ నాన్న ఫోను. "దాన్నేదో పాతకాలపు భాషలో పడేశారట, మానేస్తానంటోంది, నువ్వైనా చెప్పు" అని. నీ మెయిల్లో మానేసే మాటే లేదు. అందులో ఉన్నవన్నీ లింకులు. యూట్యూబ్ కోర్సులు, పీడీఎఫ్‌లు, ఎవరో డ్రైవ్‌లో పెట్టిన మెటీరియల్, చివర్న "అత్తా, కోబాల్‌కి వీటిలో ఏది మంచిది?" అని ఒక్క ప్రశ్న. మానేద్దామనుకునే పిల్ల ఇన్ని లింకులు ఏరుకోదని నా నమ్మకం. అయినా మనింట్లో ఉద్యోగాలు మానేసిన వాళ్ళ చరిత్ర నీకూ తెలుసు, నాకూ తెలుసు. ఇప్పుడది తవ్వను. అడిగిన దానికే జవాబు రాస్తాను.

ముందొక మాట. చెన్నై సాంబారు పడటం లేదని మీ అమ్మ చెప్పింది. పడకపోతే పెరుగన్నం తిను. ఖాళీ కడుపుతో ఏ భాషా రాదు.

ఇక విషయం. నువ్వు పంపినవన్నీ మంచివే అయ్యుండొచ్చు, కానీ నీకు కావలసింది ఒక్కటి. అది ఎంచుకునే ముందు రేపు మీ టీమ్ లీడ్‌ని ఒక ప్రశ్న అడుగు: మన దగ్గర ఏ కంపైలరు, ఏ వెర్షను? ఆయన తడుముకుంటే ఏదైనా ప్రోగ్రాం కంపైల్ లిస్టింగ్ తెరిచి మొదటి పేజీ పైభాగం చూడు, రాసి ఉంటుంది. బ్యాంకు పని అన్నావు కనక బహుశా ఐబీఎం ఎంటర్‌ప్రైజ్ కోబాలే. ఎందుకు అడగమంటున్నానంటే, కోబాల్ పేరొకటే గాని వేషం మాత్రం కాలానికొకటి. 1959లో అమెరికాలో కోడసిల్ అనే కమిటీ కూర్చుని మొదలుపెట్టింది. గ్రేస్ హాపర్ అంతకుముందు చేసిన ఫ్లో-మాటిక్ దానికి ఒరవడి. ఆ తరవాత 1968, 1974, 1985, 2002, 2014, 2023 అంటూ ప్రమాణాలు వస్తూనే ఉన్నాయి. నీ పీడీఎఫ్‌లలో ఏది ఏ కాలానిదో అట్ట చెప్పదు. లోపల ఒకచోట మాత్రం దొరికిపోతుంది. చుక్క దగ్గర.

నవ్వకు. ఆఫీసులో నా వెనక "ఫుల్‌స్టాప్ మేడమ్" అనేవాళ్ళని నాకు తెలుసు. అననీ. కోబాల్‌లో చుక్క పడిందంటే అంతవరకు తెరిచిన ఇఫ్‌లన్నీ ఒక్క దెబ్బకి మూతపడతాయి. 1985 ప్రమాణానికి ముందు ఇఫ్‌ని మూయడానికి చుక్క తప్ప వేరే దారి లేదు. అప్పుడు ఎండ్-ఇఫ్, ఎండ్-రీడ్, ఎండ్-పెర్ఫార్మ్ వచ్చాయి. అప్పట్నించి ఒళ్ళు దగ్గర పెట్టుకుని రాసేవాళ్ళు లోపలంతా ఎండ్-ఇఫ్‌లతో మూసుకుంటూ వచ్చి, పేరా చివర ఒక్కటంటే ఒక్క చుక్క పెడుతున్నారు. కాబట్టి ఏ పుస్తకం చేతికొచ్చినా ముందుమాట చదవకు, రివ్యూలు చూడకు. ఇఫ్ అధ్యాయం తియ్యి. మాట మాటకీ చుక్క ఉండి ఎండ్-ఇఫ్ ఊసే లేకపోతే అది పాతకాలపు కోబాల్. పాత ప్రోగ్రాములు అర్థం చేసుకోవడానికి తరవాత పనికొస్తుంది, మొదలుపెట్టడానికి మాత్రం వద్దు.

ఇంకా గట్టి పరీక్ష కావాలా? కంటిన్యూ, నెక్స్ట్ సెంటెన్స్ అని రెండున్నాయి. "రెండూ ఒకటే" అని ఏ మెటీరియల్లోనైనా కనిపిస్తే అక్కడే మూసెయ్. కంటిన్యూ అంటే ఏమీ చెయ్యకుండా ముందుకి నడవడం. నెక్స్ట్ సెంటెన్స్ అంటే తరవాతి చుక్క ఎక్కడుందో వెతుక్కుని దాని అవతలికి దూకడం. మధ్యలో నువ్వెన్ని ఎండ్-ఇఫ్‌లు పెట్టినా ఖాతరు చెయ్యదు. పేరాకి ఒకే చుక్క ఉంటే మిగతా పేరా అంతా గోవిందా. ఈ తేడా తెలియని మనిషి రాసిన కోర్సు ఎన్ని లక్షలమంది చూసినా నీకెందుకు?

నాకీ చుక్కల పిచ్చి ఎలా పట్టిందో చెప్పలేదు కదూ. 1998 చివరి సంగతి. అమీర్‌పేటలో మైత్రీవనం చుట్టుపక్కల మెయిన్‌ఫ్రేమ్ కోర్సుల బోర్డు లేని మేడ లేదు. 2000 వస్తోంది, ఏడాదిని రెండంకెల్లో దాచుకున్న ప్రోగ్రాములన్నీ సరిచెయ్యాలి, మనుషులు కావాలి. కోబాల్, జేసీఎల్, వీశామ్, డీబీ2, సీఐసీఎస్ అని గుక్క తిప్పుకోకుండా చెప్పగలిగితే చాలన్నట్టుండేది. నేను బోటనీ చదివినదాన్ని, అయినా చేరాను. మీ తాతయ్య ఆ కోర్సు ఫీజు ఎలా కట్టారో నీకు వేరే చెప్పక్కర్లేదు.

క్లాసులో సారు చెప్పింది ఎవరో ఒకరు శుభ్రంగా రాసుకునేవారు. ఆ నోట్సు జిరాక్స్ షాపుకి చేరేది. జిరాక్స్‌కి జిరాక్స్, దానికి మళ్ళీ జిరాక్స్. మా చేతికొచ్చేసరికి అసలు చుక్కలు మాసిపోయి, మెషీను అద్దం మీది దుమ్ము కొత్త చుక్కలై కూర్చునేది. అందులో ఒక బోనస్ ప్రోగ్రాం. సర్వీసు పదేళ్ళు దాటితే బోనస్ లెక్కకట్టు, జీతానికి కలుపు. ఆ లెక్కకట్టడానికీ కలపడానికీ మధ్య ఒక దుమ్ముచుక్క. బ్యాచ్‌లో సగంమంది దాన్ని ఉన్నదున్నట్టు ఎక్కించారు. కంపైలరు నోరెత్తలేదు, దాని వ్యాకరణానికి అది ఒప్పే. లెక్కకట్టడం పదేళ్ళు దాటినవాళ్ళకే జరిగింది, కలపడం మాత్రం అందరికీ. ఫైల్లో మేనేజరు వెనక అటెండరుంటే మేనేజరు బోనస్ వెళ్ళి అటెండరు జీతంలో పడింది. మా గదిలో రాజమండ్రి అమ్మాయి ఆ రిపోర్టు చూసి "న్యాయంగానే ఉందే!" అంది. ఆ పిల్ల ఇప్పుడు డాలస్‌లో ఉంది, ఇద్దరు పిల్లలు. ఇప్పటికీ ఫోన్ చేస్తే ముందు అడిగేది అటెండరు బావున్నాడా అనే.

ఏం చెప్తున్నాను? ఆఁ, నువ్వు పంపిన డ్రైవ్ మెటీరియల్. తెరిచి చూశాను. స్కాన్ చేసిన చేతిరాత, ఆ పైన ఇంటర్వ్యూ ప్రశ్నలూ జవాబులూ. నీకు ఉద్యోగం వచ్చేసింది తల్లీ, ఇంటర్వ్యూ జవాబులెందుకు? అవి తెలిసినట్టు కనపడటానికి రాసుకున్నవి. డిలీట్ చెయ్.

చుక్క తరవాత గడి. కోబాల్ పుట్టినప్పుడు ప్రోగ్రామంటే 80 గడుల పంచ్ కార్డు. 1 నుంచి 6 వరకు వరస సంఖ్య, 7లో నక్షత్రం పెడితే కామెంటు, 8 నుంచి ఏ-ఏరియా, 12 నుంచి 72 దాకా బీ-ఏరియా. 73 నుంచి 80 దాకా ఏం రాసినా కంపైలరు కన్నెత్తి చూడదు. మెయిన్‌ఫ్రేమ్ మీద ఇప్పటికీ ఈ కొలతలే. నెట్‌లో ఉదాహరణ కాపీ కొట్టి అతికిస్తే కోడు మొదటి గడిలోంచే మొదలై ఎర్రర్లు వరదలా వస్తాయి. కొత్తవాళ్ళు నాకు భాష రావట్లేదని ఏడ్చేది అక్కడే. భాష రాక కాదు, ఆ ఉదాహరణ ఫ్రీ ఫార్మాట్‌ది, నీది ఫిక్స్‌డ్. పుస్తకం మొదటి ప్రోగ్రాం ఏ ఫార్మాట్‌లో ఉందో చూసుకుని మొదలుపెట్టు. అన్నట్టు 72 దాటి పెట్టిన చుక్క కంపైలరుకి కనపడదు. చూశావా, మళ్ళీ చుక్క దగ్గరికే వచ్చాం.

ఇక పేర్లు రాసుకో. నీకు జావా వచ్చు కనక మైకేల్ కోగ్లన్ రాసిన "బిగినింగ్ కోబాల్ ఫర్ ప్రోగ్రామర్స్" తెచ్చుకో, 2014లో వచ్చింది. ఆయన ఐర్లండ్‌లో లిమరిక్ యూనివర్సిటీలో పాఠాలు చెప్పిన మనిషి. వేరియబుల్ అంటే ఏమిటని మొదలుపెట్టి విసిగించడు. ఫైళ్ళ దగ్గరికి తొందరగా తీసుకెళ్తాడు. అదీ ముఖ్యం. కోబాల్ చేసే పని ఫైలు చదవడం, రిపోర్టు రాయడం. సగం కోర్సు అయినా డిస్‌ప్లే, యాక్సెప్ట్ దగ్గరే తిరుగుతుంటే అది కాలక్షేపం.

దానికి తోడు నీ లాప్‌టాప్‌లో గ్నూకోబాల్ కంపైలరు వేసుకో. ఉచితం. ఉబుంటులో ఒక్క కమాండుతో దిగుతుంది. ఈ రెండే. పుస్తకంలో ప్రతి ఉదాహరణా చేత్తో కొట్టు, నడుపు, ఒక చుక్క తీసేసి మళ్ళీ నడుపు. ఏమైందో చూడు.

మిగతావి వరసలో నిలబెట్టు. జేసీఎల్, డేటాసెట్లు, మెయిన్‌ఫ్రేమ్ నల్ల తెర అలవాటుకి ఐబీఎం జెడ్ ఎక్స్‌ప్లోర్ ఉంది, డబ్బు కట్టక్కర్లేదు. ఓపెన్ మెయిన్‌ఫ్రేమ్ ప్రాజెక్ట్ వాళ్ళ కోబాల్ కోర్సూ ఉచితమే. చిన్న చిన్న లెక్కలు సాధన చెయ్యాలంటే ఎక్సర్‌సిజమ్ సైటులో కోబాల్ ఉంది. ఐబీఎం లాంగ్వేజ్ రిఫరెన్స్ పీడీఎఫ్ దింపి పెట్టుకో, కానీ మొదటి పేజీ నుంచి చదవడానికి కూర్చోకు. అనుమానం వచ్చినప్పుడు తీర్పు అడగడానికే అది. నా బీరువాలో రాయ్, ఘోష్ దస్తిదార్ల పుస్తకం ఉంది, మా తరం దానిమీదే బతికింది. పంపమంటావేమో. తరవాతి కూర్పులో కోబాల్-85 చేర్చారు గాని నా దగ్గరున్నది పాత కూర్పు, చుక్కలమయం. పంపను.

చాట్‌బాట్‌ని అడగొద్దని అనను, నేనూ అడుగుతున్నాను. కాకపోతే అది ఏ కంపైలరు సంగతి చెబుతోందో దానికే తెలియకుండా కలిపేస్తుంటుంది. నీ కంపైలరు మీద నడిపి చూసుకున్నాకే నమ్ము. ఆఫీసు కోడు మాత్రం అందులో అతికించకు, సొంత లాప్‌టాప్‌లోకి తెచ్చుకోకు. నువ్వు మానెయ్యడం వేరు, వాళ్ళు మాన్పించడం వేరు.

కళ్ళు మండుతున్నాయని అన్నావు పోయిన నెల. అద్దాల పవర్ చూపించుకున్నావా? ఆ నల్ల తెర మీద పచ్చ అక్షరాలు చూస్తూ వాయిదా వెయ్యకు.

ఉదాహరణలు చాలనిపించాక ఒక సొంత పని పెట్టుకో. మీ గదిలో ముగ్గురున్నారు కదా, మెస్సు ఖర్చులు ఒక ఫైల్లో రాయండి: పేరు, తేదీ, ఖర్చు. పేరు మారినప్పుడల్లా ఉపమొత్తం, చివర మొత్తం. దీన్ని కంట్రోల్ బ్రేక్ అంటారు. బ్యాంకు రిపోర్టుల్లో రోజూ నీకు తగిలేది ఇదే. ఖర్చుకి పిక్ 9(5)వి99 అని పెట్టు. ఆ వి అంటే కనపడని దశాంశ బిందువు. ఫైల్లో చుక్క ఉండదు, లెక్కలో ఉంటుంది. అది అర్థమైన రోజు నాకు ఫోన్ చెయ్, అర్ధరాత్రైనా సరే. అంకె ఉండాల్సిన చోట ఖాళీలుంటే ఏమవుతుందో కూడా అప్పుడే చూసుకో. మెయిన్‌ఫ్రేమ్ మీద ఎస్0సీ7 అని జాబ్ పడిపోయి రాత్రి రెండింటికి ఫోన్ మోగేది సాధారణంగా దాని వల్లే.

చచ్చిన భాష నేర్చుకుంటే నా జీవితం ఏమవుతుందని మీ నాన్నతో అన్నావట. 2020 ఏప్రిల్లో కరోనా నిరుద్యోగ భృతి దరఖాస్తులు వెల్లువెత్తి పాత సిస్టమ్‌లు ఉక్కిరిబిక్కిరైతే న్యూజెర్సీ గవర్నరు ఫిల్ మర్ఫీ టీవీ ముందుకొచ్చి కోబాల్ తెలిసినవాళ్ళు కావాలని అడిగాడు. ఆ ఓపెన్ మెయిన్‌ఫ్రేమ్ కోర్సు ఆ వేడిలో వచ్చిందే. అలాగని జన్మంతా ఇందులోనే ఉండమని నేననను. ఆర్నెల్లు సరిగ్గా నేర్చుకో. ముప్ఫై ఏళ్ళ కిందటి మనిషి రాసిన ప్రోగ్రాం చదివి, అతను ఎందుకలా రాశాడో చెప్పగలిగితే ఆ తరవాత ఏ కొత్త భాష ఇచ్చినా ఎక్కడ మొదలుపెట్టాలో నన్ను అడగవు. ముందు కంపైలరు అడుగుతావు, పుస్తకానికి కాలం చూస్తావు, ఉదాహరణ నడిపి చూస్తావు. అప్పటికీ నచ్చకపోతే మానెయ్. మీ నాన్నతో నేను మాట్లాడతాను. మాట్లాడగలనని నీకు తెలుసు.

వచ్చే ఆదివారానికి మొదటి ప్రోగ్రాం పంపు. నడవకపోయినా పంపు. చుక్కలు నేను లెక్కపెట్టి పంపిస్తాను.

ఉంటాను తల్లీ.

ప్రేమతో,
అత్త

మరచాను: కందిపొడి, చింతకాయ పచ్చడి రేపు రాత్రి బస్సులో పంపుతున్నాను. గదిలో వాళ్ళకి కూడా పెట్టు. స్టీలు డబ్బా నాది, మీ అమ్మది కాదు. సంక్రాంతికి వచ్చేటప్పుడు గుర్తుపెట్టుకుని తీసుకురా.