నేల యుసిరిక, ఎఱ్ఱ యుసిరిక: వాని భేదము

తొలకరి వానల పిమ్మట చేలగట్లమీదను బీళ్లలోను నేల యుసిరిక మొలచును. కామెర్లకు వైద్యులు దీనిని చిరకాలముగా వాడుచున్నారు. మందుల వర్తకులు ఎండిన మొక్కను కొందురు. అయితే దీనిని పోలిన ఎఱ్ఱ యుసిరికయు దీనితోడనే పెరుగును. అదియు ఔషధమే కాని వేఱు సరకు. రెండును కలిసిన మూటను కొనువారు త్రోసివేయవచ్చును. రైతు శ్రమ వ్యర్థమగును.

నేల యుసిరిక కాడ పచ్చనిది. కాయ నునుపై, చిన్న తొడిమతో ఆకుల క్రింద వ్రేలాడును. ఎఱ్ఱ యుసిరిక కాడ ఎఱ్ఱవాఱి యుండును. దాని కాయ తొడిమ లేనట్లే రెమ్మ నంటియుండును. పైన గరుకు బొడిపె లుండును. భూతద్దముతో చూచినచో మొదటిదాని విత్తుపై నిలువు గీతలును, రెండవదానిపై అడ్డుగీతలును కానవచ్చును. ఎఱ్ఱ యుసిరిక ఆకు అంచున పొట్టి బిరుసు నూగు గలదు.

సరకు పొడియైన పిదప ఈ గుర్తులు కంటికి కనబడవు. అప్పుడు నూగును, విత్తుపొట్టు తునుకలను సూక్ష్మదర్శినితో వెదకవలయును, సారమునుగూడ పరీక్షింపవలయును. నేల యుసిరికయందలి ఫిల్లాంథిన్ అను చేదు పదార్థమును గూర్చి 1946లో ఆంధ్ర విశ్వకళాపరిషత్తునకు చెందిన కృష్ణమూర్తి, శేషాద్రి గారలు ప్రకటించిరి. నాడు ఆ మొక్కను ఫిల్లాంథస్ నిరూరి యనిరి. అది ఫిల్లాంథస్ అమారస్ అని పిదప తేలినది. ఈ పదార్థము ఆకులలో మెండు, కాడలో స్వల్పము. ఎఱ్ఱ యుసిరికలో ఇది లేకుండుటయో, లేశమాత్రమై యుండుటయో కలదు. గాజుపలకపై సిలికా పూత పూసి, దానిమీద సారమును ప్రాకించినచో భేదము మచ్చలరూపమున తెలియును.

ఈ రెండు శాస్త్రములకును హైదరాబాదున తావులు చేరువనే యున్నవి. ఉస్మానియా విశ్వవిద్యాలయపు ఆవరణమున వృక్షశాస్త్ర శాఖ కలదు. 1944లో హైదరాబాదు సంస్థానమున నెలకొల్పబడిన ప్రయోగశాల నేడు తార్నాకయందు భారతీయ రసాయన సాంకేతిక సంస్థగా నున్నది. అచ్చట మొక్కల సారములను పరిశోధింతురు. కాని ప్రయోగశాల కలగలుపును కనిపెట్టగలదే గాని విడదీయజాలదు. ఆ పని పొలముననే జరుగవలయును.

కావున రైతులు కాయ పట్టిన పిదపనే మొక్కలను పెఱికింపవలయును. తొడిమను, కాయ నునుపును చూచి రెంటిని వేఱు కుప్పలు వేయింపవలయును. మన్ను కడిగి, నీడను గుడ్డపై నారబెట్టవలయును. రాలిన ఆకును పాఱవేయరాదు. సరకు విలువ అందే యున్నది.