నిలిపియుంచిన లైసెన్సు: కాలిఫోర్నియా పాదవైద్యుల సంగతి

మన దేశమున కాలికి పుండు లేచినను, ఆనెకాయ కాచినను చర్మవైద్యునియొద్దకో శస్త్రవైద్యునియొద్దకో పోవుట వాడుక. అమెరికాలోనన్ననో పాదమునకును చీలమండకును ప్రత్యేకముగా పాడియాట్రిస్టు అను వైద్యుడు కలడు. డిగ్రీ చదువు ముగిసిన పిమ్మట పాడియాట్రీ కళాశాలలో నాలుగేండ్లు, ఆపై ఆసుపత్రిలో మూడేండ్ల రెసిడెన్సీ, వీనితోపాటు జాతీయ పరీక్షలు, ఇవి ఈ వైద్యుడు దాటవలసిన గడపలు; లైసెన్సు నొసగునది రాష్ట్రము. మన ఎం.బి.బి.ఎస్. పట్టా ఈ వృత్తికి అడ్డదారి కానేరదని అచటికి పోగోరువారు ముందే యెఱుగుట మేలు.

ఇంత శ్రమించి గడించిన వృత్తిని, పసిబిడ్డను పెంచుటకో, ముసలివారైన తల్లిదండ్రులకు తోడుగా రెండేండ్లు విజయవాడలో నుండుటకో ఆపదలచినవారు ఏమి చేయవలెను? ఏమియు చేయక, రెన్యూవల్ నోటీసును బల్లసొరుగున పడవైచి, గడువు దాటనిచ్చుట అన్నిటికంటె చెడ్డ మార్గము. కాలిఫోర్నియా చట్టము ఇట్టివారికొఱకే ఇనాక్టివ్ అను స్థితిని కల్పించినది. అచటి పాడియాట్రిక్ మెడికల్ బోర్డు లైసెన్సును రెండేండ్లకొకసారి రెన్యూ చేయును; వృత్తిలో నున్నవారు ఆ రెండేండ్లలో 50 గంటల నిరంతర విద్యను పూర్తిచేసి చూపవలెను. ఇనాక్టివ్‌లో నున్నవారికి ఈ గంటల బాధ్యత లేదు. రుసుము మాత్రము తప్పదు. బోర్డు ప్రత్యేకముగా తగ్గించిననే తప్ప, పనిచేయువారు కట్టునంతయు వీరును కట్టవలసినదే. రోగిని ముట్టనివానికి ఇంత సుంకమేమని విసుగు పుట్టుట సహజము. అయినను ఏడేండ్ల చదువునకు అది కాపలా కూలి యనుకొనిన భారము కాదు.

ఆ స్థితిలో నుండగా చేయరాని దేమి? లైసెన్సు వలన కలుగు పని యేదియు చేయరాదు. ఫ్రీమాంట్‌లో నొక తెలుగువారి యింట ఆదివారపు విందు జరుగుచున్న దనుకొనుడు. మధుమేహమున్న పెద్దాయన మేజోడు విప్పి, బొటనవ్రేలి క్రింద చెమ్మగిల్లిన, తనకు నొప్పియైనను తెలియని పుండును చూపి, "అమ్మాయీ, నువ్వు కాళ్ల డాక్టరువే కదా, మందుల చీటీ రాసిపెట్టకూడదూ?" అని యడుగును. "నేనిప్పుడు చీటీ రాయకూడదు బాబాయిగారూ, రేపు పొద్దున్నే క్లినిక్కుకు వెళదాం, నేనూ తోడొస్తాను" అనుటయే ఆమెకు తగిన యుత్తరము. డబ్బు పుచ్చుకొనలేదు గదా యను సమర్థన అచట చెల్లదు.

తిరిగి వృత్తిలో ప్రవేశింపదలచినపుడు రెన్యూవల్ రుసుము చెల్లించి, ఒక్క గడువునకు సరిపడు నిరంతర విద్యను పూర్తిచేసినట్లు చూపవలెను. నాలుగేండ్లు ఆగినవాడైనను ఎనిమిదేండ్లు ఆగినవాడైనను చట్టమడుగునది ఒక్క గడువు పాఠమే. ఇది ఉదారమైన నియమమని నా యభిప్రాయము. కాని బోర్డుతో పని తీరినంతమాత్రమున ఆసుపత్రి తలుపు తెఱచుకొనదు. ఆసుపత్రులును బీమా సంస్థలును పత్రములను తిరిగి పరిశీలించుటకు నెలలు పట్టవచ్చును గనుక, బిడ్డను బడిలో వేయనున్న యేడే దరఖాస్తులు సిద్ధము చేసికొనవలెను. రెండు రాష్ట్రముల లైసెన్సులున్నవారు రెండు బోర్డులకును వేఱువేఱుగా వ్రాసి, ఏ పాఠపు గంటలు లెక్కకు వచ్చునో ముందుగా లిఖితపూర్వకముగా తెలిసికొని, ఆ జవాబును లైసెన్సు ప్రతితోపాటు దాచుకొనవలెను.